‘సీతాలు అయ్యా’ అని పిలిచిన మనిషి

బరంపురం స్టేషన్‌లో మద్రాసు వైపు పోయే బళ్ళు ఆగే ప్లాట్‌ఫారం మీద, ఇంజను నీళ్ళు పట్టే గొట్టానికి కాస్త ఇవతల, మా నాన్న పెట్టించిన చలివేంద్రం ఉండేది. నాలుగు గుంజలు, పైన తాటాకు, కింద తడి ఇసుకలో సగం దాకా పూడ్చిన కుండలు. బండి ఆగగానే ఇంజను ఆ పక్క నీళ్ళు తాగేది, జనం ఈ పక్క తాగేవారు. జనానికి నీళ్ళు పోసేది దేముడమ్మ.

ఆమె నీళ్ళు పోసే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. చేతిలో పొడుగు ముక్కు రాగిచెంబు. కిటికీలోంచి ఎవరో దోసిలి చాపుతారు. ధార ఆ మనిషి గుటకను బట్టి సన్నబడేది, లావయ్యేది. చాలన్నట్టు తల కదిలిందో లేదో ధార తెగిపోయేది. ఒక్క చుక్క నేలమీద పడేది కాదు. మండువేసవిలో బావి అడుగంటితే అరమైలు దూరం నుంచి కుండ మోసుకొచ్చే మనిషికి చుక్క విలువ ఒకరు చెప్పక్కర్లేదు. పనిలో పెట్టుకునే ముందు మా నానమ్మ ఆమె కులం ఏమిటో, ఆమె చేతి నీళ్ళు అందరూ తాగుతారో తాగరో నాలుగు చోట్ల వాకబు చేసింది. ఆ తరవాత ఇక ఎవరూ ఏమీ అడగలేదు.

అప్పట్లో రైలు గవర్నమెంటుది కాదు, కంపెనీది. బెంగాల్ నాగపూర్ రైల్వే అని పూర్తి పేరు. వాటాదారులు లండన్‌లో ఉండేవారట. అంత పొడుగు పేరు మా ఊళ్ళో ఎవరూ పలికేవారు కాదు, ‘కంపెనీ’ అంటే సరిపోయేది. మొదట సర్కారే సముద్రపు ఒడ్డు వెంబడి లైను వేసి, తరవాత మా వైపు ముక్కను కంపెనీకి అప్పగించిందని నేను పెద్దయ్యాక పుస్తకాల్లో చదువుకున్నాను. దేముడమ్మకు ఆ సంగతి పుస్తకాలతో పని లేకుండానే తెలుసు. ఋషికుల్య ఒడ్డున లైను కోసం కట్ట పోసినప్పుడు వాళ్ళమ్మ, అప్పటికింకా చిన్నపిల్ల, తట్టతో మట్టి మోసింది. వాళ్ళ అయ్య గ్యాంగు మనిషి. పట్టాల కింద కంకర దట్టించడం, వానల్లో కట్ట తెగకుండా కాయడం అతని పని. గంజాం, హుమ్మ స్టేషన్ల మధ్య కంపెనీవారి గ్యాంగు గుడిసెలో దేముడమ్మ పుట్టింది.

“మాయమ్మ నొప్పులు పడతంటే పూరీ బండి ఎల్తందట బాబూ. నాను ఏడిసింది ఎవులూ ఇన్లేదంట. రైలు కూతే ఇన్నారంట. కదలకుండా ఉన్నాననీసి మంత్రసాని సచ్చిపోనాదే అనీసిందట,” అని నవ్వేది.

ఆమెను పెళ్ళాడినవాడూ గ్యాంగులో పనివాడే. సొంత ఊరు ఇచ్ఛాపురం అవతల పల్లె. వానాకాలానికి తీసుకునే తాత్కాలికపు మనుషుల్లో ఒకడు. వానలు తగ్గగానే పని ఉండేది కాదు. ఒక కొడుకు పుట్టాడు, నీలకంఠం. వాడికి ఐదో ఏడు నడుస్తుండగా మా జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం కొత్త ఒరిస్సాలోకి వచ్చింది, ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయింది. మా అరుగు మీద పెద్దవాళ్ళు దాని గురించి గంటలకొద్దీ వాదించుకునేవారు. పట్టాలు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ కంపెనీవే.

ఆ ఏడాది వానలు తగ్గగానే దేముడమ్మ పెనిమిటి రంగం వెళ్ళాడు. రంగూన్‌ను మా వైపు జనం రంగం అంటారు. గోపాలపురం రేవులో ఓడెక్కి బియ్యం మిల్లుల్లో పనికి పోవడం మాకు కొత్త కాదు. కొందరు మూటాముల్లెతో తిరిగి వచ్చేవారు, కొందరు వచ్చేవారు కాదు. వెళ్ళే ముందు ఆ మనిషి పెళ్ళానికి ఒక మాట చెప్పాడు. ఆ మాటను ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

“‘నువ్వు బరంపురం టేసన్ల ఉండే. గోపాలపురంల ఓడ దిగినా బరంపురమే రావాల, కలకత్తానుంచి రైలెక్కినా బరంపురమే రావాల. ఎటు దిగినా నీ కాడికే వస్తాను. నువ్వు పిలు, నాను పలుకుతాను’ అన్నాడు బాబూ.”

అందుకే ఆమె గ్యాంగు గుడిసె ఖాళీ చేశాక అత్తవారి ఊరు పోలేదు. కొడుకును వెంటబెట్టుకుని బరంపురం వచ్చి, స్టేషన్ పక్కనున్న మా బియ్యం గోదాములో ఊడ్చే పనిలో కుదిరింది. వేసవి వస్తే చలివేంద్రం. మా నాన్న ఒకసారి ఇంట్లో వంటపాత్రలు తోమే పనికి రమ్మన్నాడు. జీతం ఎక్కువ, తిండి మా ఇంట్లోనే. ఆమె రానంది. “ఇంటి కాడ ఉంటే బండి కనబడదు సావుకారూ,” అంది. ఆమెకు కావలసింది అదొక్కటే. బండి కనబడాలి, బండిలోంచి ఆ మనిషి దిగాలి.

అతను వెళ్ళిపోయాకగాని తనకు నెల తప్పిన సంగతి ఆమెకు తెలియలేదు. ఆడపిల్ల పుట్టింది. సీతాలు అని పేరు పెట్టింది. ఓడెక్కబోతున్న ఒకతనితో ఆ కబురు చెప్పి పంపింది. కబురు మోసుకెళ్ళినవాడు రంగం పోలేదనీ, ఓడ దిగాక మౌల్మేను వైపు వెళ్ళాడనీ చాలా రోజుల తరవాత తెలిసింది. తిరిగి కబురు పంపడానికి మళ్ళీ తగిన మనిషి దొరకలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. దేముడమ్మ మొగుడి పేరు పలికేది కాదు. మా ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళు పలికేవారు కాదు గాని, ఏవండీ అనో, మీ నాన్నగారనో గడిపేసేవారు. దేముడమ్మవాళ్ళలో బిడ్డ పేరు పెట్టి పిలవడం ఆనవాయితీ. నీలకంఠం పుట్టిన రోజునుంచీ ఆ మనిషి ఆమెకు ‘నీలకంఠం అయ్య’, అంటే నీలకంఠం నాన్న. పొలం గట్టున కేకేసినా, బువ్వకు పిలిచినా అదే పిలుపు. అతను ఆ పిలుపుకే పలికేవాడు.

బరంపురంలో ఠాకురాణి జాతర జరిగిన ఏడు, ఎండలు ముదిరాక, ఊళ్ళో అమ్మవారు పోసింది. నీలకంఠం ఆ మసూచికంలో పోయాడు. రెండో రోజునే ఆమె చలివేంద్రానికి వచ్చేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. అక్కడ బైరాగి అని ఒక కూలీ ఉండేవాడు. ఒడియా వాడు, తెలుగు మనలా మాట్లాడేవాడు, ఆమెను మాత్రం మావుసీ, అంటే పిన్నీ, అని పిలిచేవాడు. నోరు మంచిది కాదు. ఆరోజు ఎవరో ప్రయాణికుడు రంగం కబుర్లు చెబుతుంటే దేముడమ్మ, “మా సీతాలు అయ్య ఆడే ఉన్నాడు బాబూ,” అంది.

బైరాగి నెత్తిమీద పెట్టె దించి పకపకా నవ్వాడు. “ఏటి మావుసీ, మొన్నదాకా నీలకంఠం అయ్యన్నావు, ఇయ్యాల సీతాలు అయ్యంటన్నావు. ఎంతమంది మొగుల్లే నీకు?”

దేముడమ్మ చెంబు కిందపెట్టింది. “ఒక్కడేరా. మా గుంటడే ఎలిపోనాడు. సచ్చిపోయిన బిడ్డ పేరెట్టి బతికున్నోడిని పిలవకూడదు కదరా.”

 పెట్టె గలాయన బండి కదులుతోందని కేకలేస్తున్నా బైరాగి కదల్లేదు. ఆ రోజునుంచి దూరపు బావినుంచి ఆమెకు కుండలు మోసిపెట్టేవాడు. వెక్కిరించడం మాత్రం మానలేదు. అది ఆమెకూ కావలసే ఉండేదనుకుంటాను.

కొడుకు చావు కబురు ఆమె రంగం పంపలేదు. పంపమని నేను అన్నాను. “ఒంటరోడు బాబూ. పక్కన ఏడవడానికి ఎవులున్నారు? వొచ్చినాక నానే సెప్తాను, నా పక్కన కూకోబెట్టుకోని,” అంది.

యుద్ధం వచ్చింది. జపాను వాళ్ళు రంగం మీద బాంబులు వేశారు. ఓడలు ఆగిపోయాయి. ఆ ఎండాకాలం బరంపురం స్టేషన్ చూసినవాళ్ళు మరిచిపోరు. అరకాను కొండలు కాలినడకన దాటి, చిట్టగాంగులో తేలి, కలకత్తా మీదుగా మన జనం దిగుతూ ఉండేవారు. నల్లగా ఎండిపోయి, కాళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని, ఎవరి పిల్లలు ఎవరితో ఉన్నారో తెలియకుండా. అదే సమయంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని అటునుంచి ఇటు మరో జనం. పెట్టెలు, పరుపులు, పంజరంలో చిలకలతో సహా. రెండు జనాలూ మా ప్లాట్‌ఫారం మీద ఒకరినొకరు చూసుకుని, ఎటు పోతే బతుకుతామో తెలియక నిలబడిపోయేవారు. మా నాన్న గోదాములో బియ్యం తీసి డ్రమ్ముల్లో గంజి కాయించాడు. నేను గంజి పోసేవాణ్ణి. దేముడమ్మ నీళ్ళు.

బండి ఇంకా ఆగకముందే ఆమె మొదలుపెట్టేది. ఒక చేత్తో చెంబు, సంకలో సీతాలు. ఆ పిల్ల పుట్టుకతోనే పీల. ఐదేళ్ళు వచ్చినా మూడేళ్ళ పిల్లలా ఉండేది. ఆ తొక్కిడిలో దింపితే నలిగిపోతుందని తల్లి దించేది కాదు. ఇంజను దగ్గర్నుంచి గార్డు పెట్టె దాకా, ప్రతి కిటికీ దగ్గరా ఆగుతూ:

“సీతాలు అయ్యా! సీతాలు అయ్యా!”

సహాయ సంఘం తరఫున రామచంద్రరావు అని ఒక కుర్ర ప్లీడరు వచ్చేవాడు. రేకుతో చేసిన పెద్ద గొట్టంలోంచి పేర్లు పిలిచి, తప్పిపోయినవాళ్ళను కలిపేవాడు. మంచివాడు, తొందర మనిషి. ఒకనాడు దేముడమ్మను ఆపాడు.

“నువ్విలా గొంతు చించుకోవడం దేనికమ్మా? ఆయన పేరు చెప్పు. ఈ గొట్టంలో పిలిస్తే బండి ఆ చివరికి వినిపిస్తుంది.”

“సీతాలు అయ్య బాబూ.”

“అది నాకూ తెలుసు. పేరు చెప్పమంటున్నాను.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మొగుడి పేరు ఆడది పలికితే ఆయుస్సు తరిగిపోతాది బాబూ. అంత సావు తప్పించుకోనొస్తన్నోడు. ఇంటి కాడికొచ్చినాక నా నోటితో నాను తగ్గించుకుంటానా?”

రామచంద్రరావు పిల్లవైపు వంగాడు. “నువ్వు చెప్పవే. మీ నాన్న పేరేమిటి?”

“సీతాలు అయ్య,” అంది సీతాలు. ఆ పిల్ల ఎదుట ఆ పేరు ఎవరూ ఎన్నడూ పలకలేదు మరి.

“ఒగ్గీయండి బాబూ,” అన్నాడు బైరాగి. “దీని మొగుడి పేరు యముడికి కూడా తెలీదు. అందుకే ఇంకా బతికున్నాడు.”

దేముడమ్మే ముందు నవ్వింది. అందరం నవ్వాం. బండి కూత వేసింది, ప్లీడరు గొట్టం పట్టుకుని పరుగెత్తాడు.

ఆ వేసవిలో ఏ బండి ఏనాడు వచ్చిందో నాకు విడివిడిగా గుర్తు లేదు. ఎవరు దిగారో, ఎవరు దిగలేదో కూడా. వైశాఖం వెళ్ళేసరికి రంగం జనం పలచబడ్డారు. బళ్ళలో సిపాయిలు ఎక్కువయ్యారు. వానలు మొదలయ్యాయి. చలివేంద్రం ఎత్తేయాల్సిన రోజులు దాటినా మా నాన్న దాన్ని ఉండనిచ్చాడు. దేముడమ్మ అడగలేదు, ఆయనే ఉండనిచ్చాడు.

ఒక మధ్యాహ్నం చినుకులు పడి వెలిశాక ఒకతను ఇచ్ఛాపురం వైపునుంచి బండి దిగి, కలకత్తా బండి కోసం చలివేంద్రం పక్క కూర్చున్నాడు. ఒంటిమీద బర్మా గళ్ళ లుంగీ. బైరాగి బీడీ ఇచ్చి మాటల్లో దించాడు. అతని పేరు పైడయ్య. రంగంలో మిల్లు కూలీ. ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో కంపెనీ వర్కుషాపులో ఏదైనా పని దొరుకుతుందేమోనని పోతున్నాడు. నేను పక్క బల్లమీద ఏదో చదువుకుంటున్నాను.

“కొండల్ల మాతోటోల్లు సగంమంది రాలిపోనారు,” అంటున్నాడు పైడయ్య. “నాను బతికున్నానంటే దాలయ్య సలవే. జొరమొచ్చి పడిపోతే బుజాన ఏసుకోని మోసినాడు. ఆడికి ఒకటే యావ, బరంపురం టేసన్ల దిగాలని. ‘నా ఆడది ఆడ నిలబడి పిలుస్తాదిరా, నువ్వే సూద్దువుగాని’ అని దారంతా నా సెవులు తినీసినాడు.”

దాలయ్య. ఆ పేరు వింటే నాకేమీ తట్టలేదు. పుస్తకం పేజీ తిప్పాను.

“దిగినాడా మరి?” అన్నాడు బైరాగి.

“దిగలేదు. అదే కదా సిత్రం. కొంచెం నీల్లు పొయ్యి తల్లీ, మొకం కడుక్కుంటాను.” పైడయ్య దోసిలి పట్టాడు. దేముడమ్మ చెంబు వంచింది. అతను మాటాపకుండా చెబుతున్నాడు. “బండి ఇదిగో ఇక్కడే ఆగింది. మూట సంకనెట్టుకోని లేసినాడు. బయటనుంచి ఒకాడది పిలుస్తంది. ఆడి మొకం ఎలిగిపోనాది. ‘అదిగోరా, దాని గొంతే!’ అనీసి తలుపు కాడికి రెండడుగులేసినాడు. ఆగిపోనాడు.”

“యేల?”

“ఆ మనిసి పిలిసింది ఈడిని కాదయ్యా. ఈడి కొడుకు నీలకంఠం. ‘నీలకంఠం అయ్యా’ అని కదా పిలవాల? అది ‘సీతాలు అయ్యా, సీతాలు అయ్యా’ అంటంది. సంకల మూడేల్ల గుంట.”

బైరాగి చేతిలో బీడీ కిందపడింది. నేను తలెత్తాను. దేముడమ్మ చెంబు వంచే ఉంది. దోసిలి నిండి, అంచులు దాటి, నీళ్ళు పైడయ్య మోచేతుల మీదుగా కారి ఇసుకలో ఇంకుతున్నాయి.

“సాలు తల్లీ,” అన్నాడు పైడయ్య. ధార ఆగలేదు. అతను చేతులు వెనక్కి తీసుకుని ముఖం తుడుచుకున్నాడు. “నీ గుంటే ఏమోరా, దిగి అడుగు అన్నాను నాను. ‘నాను ఎల్లి ఎన్నేల్లయ్యింది, ఆ గుంట వయసెంత?’ అన్నాడు. ‘పైసా పంపలేని మొగుడి కోసం ఎన్నాల్లుంటాదిరా? మారుమనువు సేసుకున్నాది. ఆ రెండోవోడూ ఈ బండిలోనే వస్తన్నాడు కామోసు. నలుగురిలో నాను ఎదురుపడితే దానికి తలవంపులు’ అన్నాడు. తువ్వాలు మొకమ్మీదికి లాక్కోని కూకున్నాడు. ఆ మనిసి మా కిటికీ కాడికే వొచ్చింది, జొరం మత్తుల నాకు మొకం ఆనలేదు గాని. ఆడి మోకాలు తట్టింది. ‘సీతాలు అయ్యవా బాబూ?’ అనడిగింది.”

“ఇంక సెప్పకు,” అన్నాడు బైరాగి. పైడయ్యకు వినబడలేదు.

“ఆడు కాదని తలూపినాడు. దోసిలి సాపినాడు. అదే పోసింది నీల్లు. తువ్వాలు కిందనుంచే తాగినాడు. బండి కదిలినాక ఒక్కటే అడిగినాడు నన్ను. ‘ఆ రెండోవోడు నా నీలకంఠానికి కడుపునిండా బువ్వెడతన్నాడంటావేట్రా?’ అని. నానేటి సెప్తాను?”

చెంబు ఖాళీ అయింది. దేముడమ్మ దాన్ని కుండమీద బోర్లించింది.

“ఇప్పుడేడీ ఆ మనిసి?”

“అక్క ఇంటికాడ పోనాడు తల్లీ. వానలు పడకముందే. ఆ జొరం కొండల కాడినుంచీ ఆడిని ఒగ్గలేదు. ‘దానికి కబురెట్టకండి, దాని కాపరం అది సేసుకుంటంది’ అని మరీ మరీ సెప్పినాడు.”

గోదాము వైపునుంచి సీతాలు పరుగెత్తుకుంటూ వచ్చి తల్లి చీర పట్టుకుంది. దేముడమ్మ ఆ పిల్ల తలమీద చెయ్యి వేసింది.

“ఇదే ఆ గుంట. ఆడు ఎల్లేసరికి ఇది కడుపులో ఉన్నాది.”

పైడయ్య ఆమెను, పిల్లను, మళ్ళీ ఆమెను చూశాడు.  కలకత్తా బండి వచ్చింది, పోయింది. అతను ఎక్కలేదు.

మర్నాడు మా నాన్న నన్ను తోడిచ్చి దేముడమ్మను ఇచ్ఛాపురం పంపాడు. పైడయ్య దారి చూపడానికి వచ్చాడు. బండిలో ఆమె ఒక్కమాటే అంది. అది మాతో అన్నది కాదు. “సేతుల్లో నీల్లు పోసినాను. సేతులైనా గుర్తుపట్టలేకపోనాను.”

ఆడబిడ్డ చిట్టమ్మ గుమ్మంలోనే మమ్మల్ని ఆపింది. పెద్దావిడ, తల నెరిసింది, తమ్ముణ్ణి తన చేతుల్లో పోగొట్టుకున్న మనిషి.

“ఎందుకొచ్చినావే? ఆడు బతికున్నప్పుడు తీరికలేదేటి నీకు? నీ కొత్త మొగుడు పంపినాడేటి?”

పైడయ్యే అంతా చెప్పాడు. చిట్టమ్మ వింటూ వింటూ గుమ్మంలో కూర్చుండిపోయింది. సీతాలును దగ్గరకు లాక్కుంది. ఆ పిల్ల చెవి తమ్మెలు, బొటనవేళ్ళు పట్టి చూసింది. ఎవరి పోలికో తెలిశాక ఇల్లు అదిరేలా ఏడ్చింది. తరవాత ఆ ఏడుపే కోపమై తిరిగింది.

“నీలకంఠం అయ్యా అని ఒక్కపాలి పిలవలేకపోనావేటే! ఒక్కపాలి! దిగీసీవోడు కాదేటే?”

“సచ్చిపోయిన బిడ్డ పేరెట్టి ఎలాగ పిల్తాను వొదినా? ఆ పేరెట్టి పిలిసి, దిగినాక, నీలకంఠం ఏడే అనడిగితే?”

“అయితే ఆడి పేరే పిలవాల్సింది. పేరు లేదేటే నా తమ్ముడికి? మాయమ్మ ముద్దుగా ఎట్టుకున్నాది, దాలయ్యని!”

 దేముడమ్మ ఆయుష్షు మాట ఎత్తలేదు. ఎత్తడానికి అక్కడ ఏముంది? చిట్టమ్మకు కూడా ఆ సంగతి అంతలోనే తోచినట్టుంది. ఆవిడ మాత్రం జన్మలో తన మొగుడి పేరు పలికిందా? చెయ్యి చాచి మరదలి కొంగు పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.  పొద్దువాలాక చిట్టమ్మ లేచి అన్నం వండింది. దాలయ్యను పాతిపెట్టినచోటు ఊరి చివర వంగపండువారి చేను గట్టున అని చూపించింది. వాన తడికి ఆ మట్టి అప్పటికే చదునైపోయింది.

చిట్టమ్మ అక్కడే ఉండిపొమ్మంది. దేముడమ్మ ఉండలేదు. ఎందుకో నేనడగలేదు. ఇక ఆ స్టేషన్‌లో ఆమె ఎదురుచూడవలసినవాళ్ళు లేరు. తెలిసిన చోటు అదొక్కటే అనుకుంటాను. పట్టాల పక్క పుట్టిన మనిషి.

తిరిగి వచ్చిన మర్నాడు మద్రాసు బండి వేళకు ఆమె చెంబు పట్టుకుని నిలబడింది. నేనూ బైరాగీ ఆమెనే చూస్తున్నాం. బండి ఆగింది.  ఆమె కొంగు నోటిదాకా వెళ్ళి, ఆగి, కిందికి దిగింది.

“దాలయ్యా,” అంది.

మొదట అది పక్కవాళ్ళకు కూడా వినబడనంత మెల్లగా. రెండో పెట్టె దగ్గర కాస్త పైకి. గార్డు పెట్టె చేరేసరికి ప్లాట్‌ఫారం మొత్తం తిరిగి చూసింది. పచ్చి గాయంలాంటి గొంతు. బైరాగి గోడవైపు తిరిగి తలపాగాతో కళ్ళు తుడుచుకున్నాడు. వాడు ఆరోజు ఏ మూటా ఎత్తలేదు.

ఆ పిలుపు ఆమె మళ్ళీ మానలేదు. రెండేళ్ళ తరవాత గాంధీ జయంతికి ఒకరోజు ముందు కంపెనీ పోయి రైలు గవర్నమెంటుదయింది. పెట్టెల మీద పాత అక్షరాలు చాలాకాలం అలాగే ఉన్నాయి. బైరాగి వచ్చి, “ఇంక కంపెనీ లేదు మావుసీ, మనమంతా సర్కారోల్లం,” అంటే, “బండి ఆగుతాదా ఆగదా?” అని మాత్రం అడిగింది. ఆగుతుందన్నాడు. సరే అంది.

సీతాలు పెద్దదై, స్టేషన్లో జెండా ఊపే పనివాణ్ణి పెళ్ళాడింది. మొగుణ్ణి ప్లాట్‌ఫారం మీదనుంచి పేరు పెట్టి కేకేసేది. ఎవరన్నా బుగ్గలు నొక్కుకుంటే, “మాయమ్మ సెప్పినాది,” అనేది. మీ నాన్న పేరేమిటని అడిగితే దాలయ్య అని గట్టిగా చెప్పేది.

ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వైపు దాలయ్య అరుదైన పేరు కాదు. ఏడాదికి ఒకరో ఇద్దరో పలికేవారు. ఒక సిపాయి, ఒక ముసలి చేనేత మనిషి, ఒకసారి పూరీ వెళుతున్న పెళ్ళికొడుకు. కిటికీలోంచి తల బయటపెట్టి, “ఏటమ్మా, నన్నేనా పిలిసినావు?” అనేవారు.

“నిన్నే నాయనా. దోసిలి పట్టు,” అనేది దేముడమ్మ.

వాళ్ళకు పోసేటప్పుడు మాత్రం ఆమెకు ధార ఆపడం చేతనయ్యేది కాదు. వాళ్ళు చాలంటున్నా పోస్తూనే ఉండేది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారి, పెట్టె గోడ మీదుగా కారి, బండి కదిలిపోయాక పట్టాల మధ్య కంకరలో చాలాసేపు తడిగా ఉండేవి.